బి.పి. మాత్ర మాని సర్పగంధ చూర్ణం, వెల్లుల్లితో నెట్టుకు రావచ్చా?

ప్రశ్న: కోడుమూరు రైతుబిడ్డ (కర్నూలు జిల్లా)

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి యాభై ఎనిమిదేళ్లు. మోకాళ్ల నొప్పికని ఆసుపత్రికి తీసుకువెళ్తే అక్కడ బి.పి. 164/98 ఉందని తేలింది. తర్వాత వేర్వేరు రోజుల్లో చూసినా 150కి దిగకపోవడంతో డాక్టరుగారు టెల్మిసార్టాన్ 40 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి రాశారు. ఇప్పుడు 136/84 వస్తోంది. తగ్గింది కదా, ఇక మాత్ర ఎందుకన్నది ఆయన వాదన. ఒకసారి అలవాటు పడితే జీవితాంతం మింగవలసిందేనని ఎవరో భయపెట్టారు కూడా. మా పెదనాన్నగారు సర్పగంధ చూర్ణం తెచ్చి ఇచ్చారు. పరగడుపున వెల్లుల్లి రెబ్బలు నమలమన్నారు.

ప్రకృతి వైద్యం మీద నాకు చిన్నచూపు లేదు. అయితే వీటిలో నిజంగా పనిచేసేవి ఏవి, మాత్రతో కలిపి వాడకూడనివి ఏవి అన్నది తెలిసినవారు వివరంగా చెప్పగలరని ప్రార్థన. ఆయన పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, మధ్యాహ్నం ఊరగాయ లేనిదే ముద్ద దిగని మనిషి.

జవాబు: చీనీతోట (అనంతపురం)

తమ్ముడూ, మందుల సంగతి తెలిసినవారు చెబుతారు. మా ఇంట్లో మామగారికీ, మా ఆయనకూ బి.పి. ఉంది, ఇద్దరికీ వండేది నేనే కాబట్టి వంటింటి వైపు నుంచి చెబుతాను.

పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే దాదాపు ఒక టీస్పూను. దీన్ని రోజూ కొలుచుకుంటూ కూర్చోవడం ఎవరి వల్లా కాదు గనుక నెల లెక్క పట్టుకోండి. నలుగురున్న ఇంటికి నెలకు 600 గ్రాములు, అంటే కిలో ప్యాకెట్టు యాభై రోజులు రావాలి. ప్యాకెట్టు విప్పిన రోజే దాని మీద పెన్నుతో తేదీ రాసిపెట్టండి. మా వీధిలో చాలా ఇళ్లలో నెల తిరగకముందే అయిపోతుంది, పైగా ఊరగాయలకు వేసవిలో విడిగా కొన్న ఉప్పు, అప్పడాలు, చల్ల మిరపకాయలు, బేకరీ మిక్చరు ఆ లెక్కలోకే రావు.

ఒక్కసారిగా అన్నింట్లో తగ్గిస్తే మగవాళ్లు కంచం ముందు నుంచి లేచిపోతారు. అందుకని ముందు ఉప్పు అక్కరలేని చోట మానేయండి. సంకటిలో, జొన్నరొట్టె పిండిలో ఉప్పు వేయకపోయినా పక్కన పప్పో పులుసో ఉంటుంది కాబట్టి నాలుకకు తెలియదు. ఉగ్గాని మాటకొస్తే, బొరుగులు వేయించేటప్పుడే వాటికి ఉప్పు పట్టిస్తారు. నీళ్లలో నానబెట్టి గట్టిగా పిండితే అందులో కొంత పోతుంది. ఆ పిండిన బొరుగులు నాలుగు నోట్లో వేసుకుని చూశాకే పోపులో ఉప్పు సంగతి ఆలోచించండి. నిమ్మకాయ కాస్త ఎక్కువ పిండితే చాలాసార్లు అసలు వేయనక్కరలేదు. ఊరగాయను పూర్తిగా మాన్పించడం నా వల్ల కాలేదు, కంచంలో గరిటెతో వేయడం మాత్రం మానేసి వేలి కొనకు అంటేంత పెడుతున్నాను. కారం తింటే బి.పి. పెరుగుతుందని మన వైపు గట్టి నమ్మకం ఉంది గానీ, అసలు దోషం కారంతో పాటు కలిసే ఉప్పుది. సైంధవ లవణం, కల్లుప్పు మంచివని కొనేవారూ ఉన్నారు. అవీ సోడియం క్లోరైడే, పైగా వాటిలో చాలావరకు అయోడిన్ కలపరు.

జవాబు: మందుల దుకాణం (ప్రొద్దుటూరు, కడప జిల్లా)

ముందుగా మీరు రాసిన ఒక మాట దగ్గర ఆగాలి. మోకాళ్ల నొప్పికని ఆసుపత్రికి వెళ్లారన్నారు. అంతకుముందు నుంచే ఆయన దుకాణంలో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు వేసుకుంటున్నారేమో కనుక్కోండి. అవి ఒంట్లో ఉప్పూ నీరూ నిలవ ఉండేలా చేసి బి.పి.ని పెంచుతాయి, టెల్మిసార్టాన్ పనిని దెబ్బతీస్తాయి, రెండూ కలిసి మూత్రపిండాలకు భారమవుతాయి. నొప్పి మాత్ర ఆపడంతోనే బి.పి. కొంత దిగినవారు ఉన్నారు. ఈ విషయం డాక్టరుకు తప్పక చెప్పండి.

ఇక సర్పగంధ. అది ఉత్త వేరు అనుకుని తేలికగా తీసుకోకూడదు. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ఈ మొక్క బి.పి.ని తగ్గిస్తుందని రాశాకే ప్రపంచం దృష్టి దీని మీద పడింది. 1952లో స్విట్జర్లాండులో దీని నుంచి రిసర్పిన్ అనే మందును వేరుచేశారు. కొన్నేళ్లపాటు అదే పెద్ద బి.పి. మందు. మనసు కుంగిపోవడం, ముక్కు దిబ్బడ, నాడి నెమ్మదించడం, కడుపులో పుండ్లు వంటి ఇబ్బందుల వల్ల, అంతకంటే భద్రమైనవి వచ్చాక వెనక్కి వెళ్లింది. చూర్ణంలో ఆ మందు ఒక చెంచాలో ఎంత ఉందో ఎవరూ చెప్పలేరు. మాత్రలో 40 మిల్లీగ్రాములని రాసి ఉంటుంది, పొట్లం మీద ఏమి రాసి ఉంటుంది? ఆయుర్వేదమే కావాలనుకుంటే పట్టా ఉన్న వైద్యుడి దగ్గర, టెల్మిసార్టాన్ వాడుతున్నామని చెప్పి మరీ తీసుకోవాలి. పేరు ఊరు లేని భస్మాల జోలికి మాత్రం వెళ్లకండి, అలాంటి కొన్నింటిలో సీసం, పాదరసం బయటపడ్డాయి.

దగ్గు కషాయాల్లో వేసే అతిమధురం ఎక్కువ రోజులు వాడితే బి.పి.ని పెంచి పొటాషియాన్ని తగ్గిస్తుంది. దీన్ని ఎవరూ అనుమానించరు. వెల్లుల్లి కొద్దిగా తగ్గించే మాట నిజమే. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవారు మోతాదు మించి తింటే రక్తస్రావం భయం ఉంది. ఎర్ర గోంగూర జాతి కాయల చుట్టూ ఉండే ఎర్రటి రేకులను మరిగించిన నీళ్లు కూడా కొంత తగ్గిస్తాయని పరిశోధనలు చెబుతున్నాయి. అది చదివి గోంగూర పచ్చడి జాడీ ముందు పెట్టుకుంటే అందులోని ఉప్పు వల్ల ఫలితం తిరగబడుతుంది.

నిజంగా బరువున్న మార్పు రోజూ తినే తిండిలోనే ఉంది. అమెరికాలో 1997లో వెలువడిన డ్యాష్ పరిశోధనలో ఉప్పును మార్చకుండానే, కూరగాయలు, పండ్లు, వెన్న తీసిన పాల పదార్థాలు పెంచి, కొవ్వు తగ్గించి పెడితే, బి.పి. ఉన్నవారిలో పై అంకె సుమారు 11 దాకా తగ్గింది. ఒక మాత్ర చేసే పనికి అది దగ్గరగా ఉంటుంది. బరువు ఎక్కువగా ఉన్నవారిలో కిలో తగ్గితే దాదాపు ఒక అంకె దిగుతుంది. అయితే "లో సోడియం" ఉప్పు అని అమ్మేదాన్ని మీ నాన్నగారికి అడగకుండా పెట్టకండి. అందులో కొంత సోడియం క్లోరైడ్ బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. టెల్మిసార్టాన్ అసలే ఒంట్లో పొటాషియాన్ని నిలుపుతుంది. రెండూ కలిస్తే, అందులోనూ మూత్రపిండాలు బలహీనంగా ఉంటే, గుండె లయకే ముప్పు.

136/84 అన్నది మాత్ర వేసుకుంటే వచ్చిన అంకె. ఆపితే కొద్ది రోజుల్లో పాత చోటికే వెళ్తుంది. అలవాటు పడటమంటూ ఏమీ లేదు. బరువు, ఉప్పు తగ్గాక డాక్టరే మోతాదు తగ్గించిన సందర్భాలు మా దుకాణానికి వచ్చే చీటీల్లోనే కనిపిస్తుంటాయి.

జవాబు: యోగా శిక్షకుడు (కడప)

పై మాటలతో ఏకీభవిస్తున్నాను. నిమిషానికి ఆరేడు శ్వాసలు వచ్చేలా, వదిలేది తీసుకునేదానికంటే పొడుగ్గా ఉండేలా, రోజూ పది పదిహేను నిమిషాలు కూర్చుంటే కొన్ని అంకెలు దిగుతాయి. బి.పి. అదుపులో లేనివారు శీర్షాసనం, సర్వాంగాసనం, భస్త్రిక, శ్వాస బిగబట్టే కుంభకం చేయకూడదు. టీవీ చూసి నేర్చుకునేవారు ముందుగా మొదలుపెట్టేవి దురదృష్టవశాత్తు ఇవే. మీ నాన్నగారు గట్టిగా గురక పెట్టి, పగలు కునికిపాట్లు పడుతుంటే అది కూడా డాక్టరుకు చెప్పండి. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉంటే ఎన్ని ఆసనాలు వేసినా బి.పి. లొంగదు.

కోడుమూరు రైతుబిడ్డ

అందరికీ ధన్యవాదాలు. నొప్పి మాత్రలు వేసుకుంటున్న మాట నిజమేనట, అడిగితే ఒప్పుకున్నారు. చూర్ణం ఆపించాను. మరొక్క సందేహం. ఏప్రిల్, మే నెలల్లోనూ ఆయన చేనికి పోతారు. మా పల్లెలో వడదెబ్బ తగలకుండా ఉప్పు వేసిన మజ్జిగ చెంబుల కొద్దీ తాగిస్తారు. ఇటు ఉప్పు తగ్గించమంటున్నారు, మరి ఎండలో ఏం చేయాలి?

జవాబు: స్టాఫ్ నర్సు (అనంతపురం జిల్లా)

మంచి ప్రశ్న అడిగారు బాబూ. మజ్జిగ మానవద్దు, ఉప్పు లేకుండా పల్చగా చేసి కరివేపాకు, అల్లం, నిమ్మరసం వేసి పంపండి. సంకటి, పులుసు తినే మనిషికి మామూలు రోజున చెమటలో పోయే ఉప్పు భోజనంతోనే తిరిగి వస్తుంది. గంటల తరబడి ఎండలో చెమట కారే పని ఉన్న రోజున, లేదా వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు లెక్క వేరు, అప్పుడు ఓ.ఆర్.ఎస్. అవసరం కావచ్చు, బి.పి. మాత్ర కొనసాగించాలో రెండు రోజులు ఆపాలో అదే రోజు డాక్టరును అడగాలి. పని పదింటి లోపు ముగించుకునేలా చూడటం అన్నిటికంటే మేలు.

ఎండాకాలంలో బి.పి. సహజంగానే కొంత దిగుతుంది. లేచి నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయంటే కూర్చుని ఒకసారి, నిలబడ్డ కాసేపటికి ఒకసారి చూడాలి. ఇంటికి మిషను కొనేటట్టయితే మోచేతి పైన కట్టేదే కొనండి, మణికట్టుది వద్దు. టీ, బీడీ తర్వాత అరగంట ఆగి, మూత్రానికి వెళ్లి వచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేలా ఐదు నిమిషాలు మౌనంగా కూర్చున్నాక, చేయి గుండె ఎత్తులో పెట్టి చూడాలి. వారంపాటు ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు రాసి, మొదటి రోజువి వదిలేసి మిగిలినవాటి సగటు తీయండి; ఇంట్లో 135/85 లోపు ఉండాలి. ఆ కాగితం డాక్టరుకు చూపిస్తే మోతాదు మార్చాలో లేదో ఆయనకు స్పష్టంగా తెలుస్తుంది. మాత్రలు మీ పి.హెచ్.సి.లో ఉచితంగానే ఇస్తారు, అడగండి.

ఎప్పుడైనా 180/120 దాటి ఛాతీ నొప్పి, మాట తడబడటం, ఒక పక్క చేయి కాలు లాగినట్టు ఉండటం కనిపిస్తే నిమ్మరసాలు తాగిస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.

కోడుమూరు రైతుబిడ్డ

అలాగేనండీ. నొప్పి మాత్రల చీటీ, చూర్ణం పొట్లం రెండూ తీసుకుని సోమవారం డాక్టరుగారి దగ్గరికి వెళ్తున్నాం. మిషను రేపే కొంటాను.