నెమలికంఠం రంగు చీర మీదికి కళ్లకు ఏ రంగు బాగుంటుంది?

వచ్చే గురువారం మా పిన్ని కూతురి పెళ్లి. ముహూర్తం రాత్రి 9 దాటాక, ఫంక్షన్ హాల్లో. నేను కట్టుకోబోయేది గద్వాల చీర. ఒళ్లంతా నెమలికంఠం రంగు నూలు, అంచూ కొంగూ మాత్రం ఎర్ర పట్టు మీద జరీ. నాది చామనఛాయ, కళ్ల కింద కాస్త నలుపు కూడా ఉంది.

కిందటిసారి ఒక పెళ్లికి పార్లర్‌లో రెప్పల మీద వెండిరంగు షిమ్మర్ పూశారు. అద్దంలో బాగానే ఉంది కానీ, ఫొటోల్లో కళ్లకు విభూతి రాసుకున్నట్టు వచ్చింది. మా అమ్మ ఆల్బమ్ తీసినప్పుడల్లా నవ్వుతుంది. అందుకే ఈసారి నేనే వేసుకుందామని.

నా దగ్గర రాగి రంగు, ముదురు బ్రౌన్, నీలం ఐషాడోలు ఉన్నాయి. చీర రంగే రెప్పల నిండా పూస్తే నాటకంలో వేషంలా ఉంటుందేమోనని టెన్షన్. పైన రాగి రంగు వేసి, కింది రెప్ప అంచున నీలం సన్నగా గీస్తే సరిపోతుందా? లేక జరీకి తగ్గట్టు బంగారు రంగు కొనాలా? ఇంకోటి, నాకు కాటుక గంటలోనే కిందికి జారుతుంది, పౌడర్ అద్దినా ఆగదు. నా రంగువాళ్లు ఎవరైనా వేసుకుని చూసినవి చెప్పండి, ప్లీజ్.