తిరస్కరించము, తిరస్కరించలేము: ఆ ‘లే’ ఉందా?

అల్పాక్షరి: గణాంకశాస్త్ర వాచకాల్లో లెక్క చివర వచ్చే వాక్యం ఒకటి సగమే గుర్తుంది. “గణించిన విలువ పట్టిక విలువ కంటే తక్కువ కనుక శూన్య పరికల్పనను…” (శూన్య పరికల్పన అంటే తేడా ఏమీ లేదని ముందుగా అనుకుని పరీక్షకు పెట్టే మాట.) ఆ తర్వాత “తిరస్కరించము” అనా, “తిరస్కరించలేము” అనా? “అంగీకరిస్తాము” మాత్రం కాదు. ఆ ఒక్క ‘లే’ సంగతి చెప్పండి.

పదనిధి: ‘లే’ ఉండి తీరాలండీ. తిరస్కరించము అంటే మనకు ఇష్టం లేక వదిలేశామని. తిరస్కరించలేము అంటే దత్తాంశం చాలలేదని. 25 కొలతలు, వాటి సగటు 52, ప్రామాణిక విచలనం, అంటే కొలతలు సగటు నుంచి చెదిరే తీరు, 10 అనుకోండి. 10ని 25 వర్గమూలంతో భాగిస్తే ప్రామాణిక దోషం, అంటే సగటులో ఉండే తడబాటు, 2. అసలు సగటు 50 అన్న పరికల్పనకు టీ విలువ, అంటే 52కీ 50కీ ఉన్న తేడా ప్రామాణిక దోషానికి ఎన్ని రెట్లో ఆ సంఖ్య, 1. 5 శాతం సార్థకతా స్థాయిలో, అంటే నిజమైన పరికల్పనను పొరపాటున తోసిపుచ్చే అవకాశం 5 శాతమే ఉండేలా, రెండు వైపుల పరీక్షకు హద్దు, అదే పట్టిక విలువ, 2.064. 50ని తోసిపుచ్చలేం. అయితే 49నీ తోసిపుచ్చలేం, 51నీ, 55నీ తోసిపుచ్చలేం. 95 శాతం విశ్వాస అంతరం, అంటే ఈ పరీక్షలో తోసిపుచ్చలేని విలువల మేర, 47.87 నుంచి 56.13 దాకా ఉంది మరి. 50ని అంగీకరించానన్నవాడు అదే నోటితో 55నీ అంగీకరించాలి.

ముక్తపదం: ‘లే’ ఒక్కటే చాలదు, “తిరస్కరించలేకపోయాం” అనాలి. “లేము” అంటే ఎప్పటికీ మన వల్ల కాదన్న ధ్వని వస్తుంది. సగటూ విచలనమూ అవే ఉండి కొలతలు 100 అయితే ప్రామాణిక దోషం 1, టీ విలువ 2, హద్దు 1.984. అదే 50 నిలవదు. అంతరం 50.02 నుంచి 53.98. భూతకాలం వేస్తేనే ఆ మాట ఆ 25 కొలతలకే కట్టుబడి ఉంటుంది.

తూకంరాయి: “అంగీకరిస్తాము”ను అంత తేలిగ్గా తీసెయ్యకండి. గణాంకవేత్తలు నెయ్‌మన్, పియర్సన్‌ల 1933 పద్ధతిలో అంగీకారం అంటే నమ్మకం కాదు, ఏం చెయ్యాలన్న నిర్ణయం. కాకపోతే ఆ మాట అనే హక్కు ముందే సంపాదించుకోవాలి. ఎంత తేడాను పట్టుకోవాలి, దాన్ని ఎంత తరచుగా జారవిడిచినా ఫరవాలేదు అన్నవి కొలతలకు ముందే రాసిపెట్టాలి. విచలనం 10 ఉన్నప్పుడు 2 తేడాను 80 శాతం సార్లు పట్టాలంటే సుమారు 200 కొలతలు కావాలి. 25తో అయితే పట్టే అవకాశం ఆరింట ఒక వంతే. అంత బలహీనమైన పరీక్ష పెట్టి “అంగీకరిస్తాము” అని రాయడమే తప్పు, క్రియాపదానిది కాదు.

ముక్తపదం: ఆ ఆరింట ఒక వంతును పాఠంలో చెప్పేవాళ్ళు తక్కువ కాబట్టే నా ‘పోయాం’ మీద అంత పట్టుదల.

పదనిధి: నన్నడిగితే అసలు చిక్కు ‘శూన్య’లో ఉంది. 1935లో గణాంకవేత్త ఫిషర్ ఆ పేరు పెట్టినప్పుడు ఉద్దేశం వమ్ము చేయదగినది అని. శూన్యం అనగానే విద్యార్థి విలువ సున్నా అనుకుంటాడు. పై లెక్కలో అది 50. “వమ్ము పరికల్పన” అంటే చక్కగా ఉండేది.

తూకంరాయి: వమ్ము అంటే ముందే వమ్మైపోయిందనిపిస్తుందండీ. శూన్యమే నయం, “తేడా శూన్యం” అని చదువుకోవచ్చు.

యతిమైత్రి: ఇంత చర్చలో వేమన రాలేదేమిటి? ఉప్పూ కప్పురమూ పద్యం ఇదే కదా! ఒక్క పోలికన ఉండడం శూన్య పరికల్పన. చూడ చూడ, అంటే కొలతలు పెరిగేకొద్దీ, జాడ వేరని తేలుతుంది.

పదనిధి: అది “చూడఁ జూడ” అండీ. మొదటిది ద్రుతాంతం కనుకే తర్వాతి పరుషం సరళమైంది. చూడగా చూడగా అని అర్థం. అంటే ఎక్కువసార్లు చూడడమా, నిశితంగా చూడడమా?

యతిమైత్రి: రెండూ కుదురుతాయి. ప్రామాణిక దోషంలో పైన విచలనం, కింద కొలతల సంఖ్య వర్గమూలం. ఎక్కువసార్లు చూడడం కింది దాన్ని పెంచడం, నిశితంగా చూడడం పైదాన్ని తగ్గించడం. దోషం సగం కావాలంటే కొలతలు నాలుగింతలు కావాలి. అదే కొలతలోని తడబాటును సగానికి దించగలిగితే అన్నే కొలతలతో సరిపోతుంది. నా మొగ్గు నిశితానికే. రుచి చూడాలంటే గుట్టంతా తినక్కరలేదు.

ముక్తపదం: కొలిచే పరికరం వల్ల వచ్చిన తడబాటైతేనే అది. వస్తువుల్లోనే సహజంగా ఉన్న తేడా ఎంత నిశితంగా చూసినా తగ్గదు. అప్పుడు మీకు మిగిలేది ఎక్కువసార్లే.

తూకంరాయి: ఎక్కువసార్లు అన్నదాంట్లో ఇంకో అర్థం దూరింది, జాగ్రత్త. కొలతలు చేరుతున్నకొద్దీ మధ్యమధ్యలో పరీక్ష చేసి, పీ విలువ (తేడా లేకపోయినా ఇంత తేడా గానీ, ఇంకా ఎక్కువ గానీ కనబడే సంభావ్యత) 0.05 కంటే దిగగానే ఆపేసేవాళ్ళున్నారు. తేడా ఏమీ లేకపోయినా, సమాన విడతల్లో ఐదుసార్లు అలా తొంగిచూస్తే ఎక్కడో ఒకచోట “జాడ వేరు” అనేసే అవకాశం 5 శాతం కాదు, దాదాపు 14 శాతం.

యతిమైత్రి: తొంగిచూడడం వేరు, చూడఁ జూడ వేరు.

తూకంరాయి: ఎన్నిసార్లు చూస్తారో ముందే చెప్పుకుంటే వేరే. ఐదుసార్లని ముందే అనుకుంటే ప్రతిసారీ హద్దు 0.05 బదులు సుమారు 0.016 పెట్టుకోవాలి. అప్పుడు లేని తేడాను ఉందనేసే అవకాశం మొత్తం మీద 5 శాతం దాటదు.

అల్పాక్షరి: పదనిధి గారూ, 47.87 నుంచి 56.13 అన్నారే, అందులో అసలు సగటు 95 శాతం సంభావ్యతతో “ఉంటుంది” అని రాయొచ్చా?

పదనిధి: రాయకూడదు. అసలు సగటు కదలదు, కదిలేది అంతరం. కొత్త 25 కొలతలు తీసినప్పుడల్లా చివరలు మారతాయి. అలా తీస్తూ పోతే నూటికి 95 అంతరాలు దాన్ని కప్పుతాయి. 95 ఆ పద్ధతికి చెందినది, ఈ రెండు అంకెలకు కాదు. అందుకే కర్త అంతరం కావాలి, “ఉంటుంది” బదులు “కప్పుతుంది” కావాలి.

ముక్తపదం: “కప్పి ఉండొచ్చు” అనాలి. ఈ రెండు అంకెలూ వచ్చేశాక కప్పడమో కప్పకపోవడమో అయిపోయింది.