‘నాటు నాటు’లో ‘నట్టు’ మీద నట్టు తప్ప ఏమీ లేదా?

ఆర్మూర్ అబ్బాయి:
అందరికీ నమస్కారం. పాటల రచయిత చంద్రబోస్ పాటల మీద ఒక సమీక్ష రెండు రోజులుగా వాట్సాప్‌లో తిరుగుతోంది, మీలో చాలామంది చూసే ఉంటారు. 1995లో ‘తాజ్‌మహల్’ నుంచి మొదలుపెట్టి ఇప్పటిదాకా ఆయన రాసినవన్నీ తూకం వేశారు. ‘మౌనంగానే ఎదగమని’ లాంటి పాటలను మెచ్చుకున్నారు కూడా. కానీ ‘ఆర్‌ఆర్‌ఆర్’లోని ‘నాటు నాటు’ దగ్గరికి వచ్చేసరికి ఉతికి ఆరేశారు. వాళ్ల వాదన నా మాటల్లో: పల్లవి మొత్తం ‘దూకినట్టు, ఊగినట్టు, కూడినట్టు’ అని పోలికల చిట్టా తప్ప భావం ముందుకు కదలదు. అదీ ఇదీ కలిపిన యాస, ఏ ఊరిదో తెలియదు. పాటను ‘సూడు’ అనడమేంటి, పాట వింటారు గానీ చూస్తారా? ఆస్కార్ వచ్చింది స్టెప్పులకే తప్ప సాహిత్యానికి కాదు. సినిమా గొడవ పక్కన పెట్టి, భాషాపరంగా ఇందులో నిజమెంత? తెలిసినవాళ్లు చెప్పండి.

పాత రేడియో:
ఆస్కార్ వచ్చాక కూడా మనవాళ్లకు ఇంకా సర్టిఫికెట్ కావాలా? 2023 మార్చిలో ఆ స్టేజీ మీద తెలుగులోనే పాడారు కదా. అంతకంటే ఏం కావాలి. ఈ సమీక్షకులకు పని లేదు.

పద్యం పిచ్చోడు:
పాత రేడియో గారూ, ఆ వాదన పెట్టకండి, మనమే ఓడిపోతాం. ఆస్కార్ ఓటర్లలో తెలుగు వచ్చినవాళ్లు ఎందరుంటారు? ఇంకో సంగతి, సమీక్షలో ఇది రాలేదు గానీ వాళ్లకు పనికొచ్చేదే. 69వ జాతీయ అవార్డుల్లో ‘ఆర్‌ఆర్‌ఆర్’కు కొరియోగ్రఫీ అవార్డు వచ్చింది, ప్రేమ్ రక్షిత్‌కు. సాహిత్యం అవార్డు కూడా చంద్రబోస్‌కే వచ్చింది, అయితే ‘కొండపొలం’లో ‘ధం ధం ధం’ పాటకు. అంటే రెండు సినిమాలూ ఒకే ఏడాది పోటీలో ఉంటే మన జ్యూరీ స్టెప్పులకు ఒక దాన్ని, మాటలకు ఇంకో దాన్ని ఎంచుకుంది. కాబట్టి అవార్డులు చూపించి గెలవలేం. పాటే చూద్దాం.

పల్లవిని పైకి చదవండి, వేళ్ల మీద మాత్రలు లెక్కపెట్టుకుంటూ. పొట్టి అక్షరం ఒక మాత్ర, అది లఘువు. దీర్ఘం, సున్నా ఉన్నది, ఒత్తు అక్షరం ముందున్నది రెండు మాత్రలు, అది గురువు.

పొలం | గట్టు | దుమ్ము | లోన | పోట్ల | గిత్త | దూకి | నట్టు

ఒక్కో ముక్క మూడు మాత్రలు. ఎనిమిది ముక్కలు, 24 మాత్రలు. దీనికి మన ఛందస్సులో పేరుంది: తురగవల్గన రగడ. పాదానికి ఎనిమిది త్రిమాత్రా గణాలు, అంటే మూడు మాత్రల ముక్కలు. అయిదో గణం మొదట యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొంతన. ఇక్కడ అయిదో గణం ‘పోట్ల’. పాదం మొదట ‘పొ’, అక్కడ ‘పో’. యతి కుదిరింది. రెండో పాదం ‘పోలేరమ్మ జాతరలో పోతరాజు’. మళ్లీ అదే చోట ‘పో’కు ‘పో’. మూడో పాదంలో ‘కిర్రు’కు ‘కర్ర’, నాలుగో పాదంలో ‘మర్రి’కి ‘కుర్ర’. ఇవి మొదటి అక్షరానికి కాకుండా రెండో అక్షరానికి పడ్డాయి, దాన్ని ప్రాసయతి అంటారు. ఆటవెలది, తేటగీతి, సీసాల్లో ఒప్పుకున్నదే. అయిదో పాదంలో ‘ఎర్ర’కు ‘మిరప’, ఇది కాస్త సడలింది, వ్యాకరణం మాస్టారు ఒప్పుకోరు. కానీ ఆ పాదంలో ఇంకో చోద్యం ఉంది. ఎర్ర, జొన్న, రొట్టె, లోన, మిరప, తొక్కు, కలిపి, నట్టు. ఎక్కడా మాట మధ్యలో గణం తెగదు.

చంద్రబోస్ ఛందస్సు పుస్తకం ముందు పెట్టుకుని రాశారని నేననను. చెవిలో ఉన్న నడక అది. అన్నట్టు, రగడలు రాసిన పాల్కురికి సోమనాథుడిదీ, ఈయన పుట్టిన చల్లగరిగదీ పాత వరంగల్ జిల్లానే. దీన్నుంచి సిద్ధాంతాలేమీ తీయడం లేదు, ఊరికే సరదాకి.

బాపట్ల కోడలు:
మాస్టారూ, ‘పోలేరమ్మ’ దగ్గర ఒక మాత్ర ఎక్కువ అవుతోంది. పోలే అంటేనే నాలుగు.

పద్యం పిచ్చోడు:
అవునమ్మా, రాతలో ఏడు మాత్రలు. పాటలో వినండి, ‘పోలెరమ్మ’ అని ‘లే’ని కుదించి పాడతారు. ఊళ్లల్లో పిలిచేదీ అలాగే. ‘లేసుకొని’ దగ్గర దీనికి ఎదురు: రాతలో ఒక మాత్ర తక్కువ, పాడేటప్పుడు సాగదీస్తారు. జానపదంలో దీర్ఘం, హ్రస్వం గాయకుడి చేతిలో ఉంటాయి.

ఆర్మూర్ అబ్బాయి:
నడక బాగుందని ఒప్పుకుంటా సార్. కానీ సమీక్షలో అడిగింది నడక గురించి కాదు కదా. భావం ఎక్కడ అని.

పద్యం పిచ్చోడు:
అక్కడికే వస్తున్నా తమ్ముడూ. ‘నాటు’ అన్న మాట ఎన్ని మాత్రలు? నా రెండు, టు ఒకటి. మూడు. గురువు, లఘువు. పైన విడగొట్టిన గణాలు మళ్లీ చూడు: గట్టు, దుమ్ము, లోన, పోట్ల, గిత్త, దూకి, నట్టు. అన్నీ అదే అచ్చు, గురువు మీద లఘువు. ఒక్క ‘పొలం’ తప్ప. అంటే ‘నాటు’ అనే మాట నోట్లోంచి రాకముందే దాని దరువు అయిదు పాదాల పాటు మన చెవిలో కొడుతూనే ఉంది. దానికి తోడు ప్రతి పాదం చివరా ‘నట్టు’. నట్టు, నట్టు, నట్టు, నట్టు, నట్టు... ఆ తర్వాత దీర్ఘం ఇచ్చి ‘నాటు’. సమీక్షలో ఏది లోపం అన్నారో దాని మీదే పల్లవి నిలబడి ఉంది. ‘నట్టు’ తీసేసి ‘వలె’, ‘లాగ’ పెట్టి పాడుకుని చూడండి, ‘నాటు’ ఎక్కడినుంచో ఊడిపడ్డట్టు ఉంటుంది.

ఇక చిట్టా అన్న మాట. ఒక ఉపమేయానికి, అంటే మనం పోల్చే వస్తువుకు, వరసగా ఉపమానాలు (పోలికలు) గుచ్చితే అలంకార శాస్త్రంలో మాలోపమ అంటారు. ఉపమేయం చివర్లో వస్తుంది: ‘నా పాట’. దాచిందేమీ లేదు. కథ ముందుకు నడవాలని మాలోపమని అడగకూడదు.

‘నా పాట సూడు’ అన్నదానికి రెండు వాక్యాలు చాలు. ‘వాడి మాట చూడు’, ‘దాని గొంతు చూడు ఎలా ఉందో’, ‘ఉప్పు సరిపోయిందో లేదో చూడు’ అని ఇంట్లో పొద్దస్తమానం అంటాం. తెలుగులో చూడ్డం ఒక్క కంటి పని కాదు.

పాత రేడియో:
భేష్! ఇదే కావాల్సింది.

బాపట్ల కోడలు:
నాకు యాస దగ్గర మాత్రం సమీక్ష రాసినవాళ్ల వైపే మొగ్గుంది. పోలేరమ్మ మా వైపు అమ్మవారు, నెల్లూరు వైపు వెంకటగిరి జాతర చూడండి. పోతరాజు ఊగడమంటే హైదరాబాద్ బోనాలు గుర్తొస్తాయి. ‘రగతం’, ‘పానం’ తెలంగాణ మాటలు. ‘మిరపతొక్కు’ అదీ అంతే, మేం పచ్చడి అంటాం. మా ఇంట్లో తొక్కు అంటే చింతకాయ తొక్కు ఒక్కటే. ఇలా కలగలిపితే ఏ ఊరి పాట అవుతుంది?

ఆర్మూర్ అబ్బాయి:
అక్కా, మాకు అన్నీ తొక్కులే. మామిడికాయ తొక్కు, టమాట తొక్కు, పచ్చిమిరపకాయల తొక్కు. జొన్నరొట్టెలోకి మిరపతొక్కు అంటే మాకు పోలిక కాదు, పొద్దుటి తిండి. మా నాయినమ్మ రొట్టె పెనం మీద నుంచి తీసి మధ్యలో తొక్కు పెట్టి, నూనె చుక్క వేసి మడిచి చేతికిచ్చేది. నోరు మండి నీళ్లకు ఉరికేవాళ్లం.
పోతరాజు ఒక్క మాదే కాదుగా? మీ వైపు కూడా అమ్మవారికి తమ్ముడని గుడి ముందర రాయి పెడతారని విన్నాను.

బాపట్ల కోడలు:
పెడతారు. కాకపోతే మా పోతరాజు కదలడు, మీవాడే కొరడాతో గంతులేస్తాడు. అందుకే అడుగుతున్నా.

పద్యం పిచ్చోడు:
మంచి పట్టు పట్టారు. కానీ పాడేది ఎవరు? కథలో ఒకడు గోదావరి ఎగువ అడవుల నుంచి వచ్చిన భీమ్, ఇంకొకడు అల్లూరి పేరు మీద రాసిన రామ్, విశాఖ మన్యం వైపు. గొంతులూ ఇద్దరివి, రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ. ఇద్దరూ కలిసి పాడే పాటలో పోలేరమ్మ జాతరకు తెలంగాణ పోతరాజు వచ్చి ఊగితే నాకేం ఎబ్బెట్టుగా లేదు. ‘సెట్టు’, ‘సెప్పు’, ‘సూడు’ అని చకారం సకారం కావడం తెలంగాణలోనూ ఉంది, ఉత్తరాంధ్రలోనూ ఉంది. సమీక్షకులు యాస అంటే ఒక జిల్లా హద్దు అనుకుంటున్నారు. సినిమా పాట యాస ఎప్పుడూ అంత కచ్చితంగా ఉండదు, ఉండనక్కర్లేదు కూడా. ఇది వాడుక పదకోశం కాదు.

నల్లమల నర్సయ్య:
నాకు ఒక సందేహం. కిర్రుసెప్పులేసుకుని కర్రసాము ఎవరు చేస్తారండీ? మా ఊళ్లో కర్రసాము తిప్పేవాళ్లు ఉత్త కాళ్లతోనే దిగేవారు. చెప్పులుంటే కాలు జారుతుంది.

ఆర్మూర్ అబ్బాయి:
హహ, నిజమే.

పద్యం పిచ్చోడు:
నర్సయ్య గారు చెప్పింది నిజం, కర్రసాము వరకైతే. కానీ కిర్రుచెప్పులు వేసుకునేది సాము కోసం కాదు, నలుగురూ చూడ్డం కోసం. ఊళ్లో కుట్టించుకున్న కొత్త తోలుచెప్పులు, ఆముదం పట్టించినా కొన్నాళ్లు కిర్రుకిర్రుమంటూనే ఉంటాయి. అది వేసుకుని వీధిలో నడిస్తే ‘ఎవర్రా వచ్చేది’ అని అందరూ తల తిప్పుతారు. ఆ టెక్కుతోనే కర్ర కూడా తిప్పాడు. దొరల పార్టీలో ‘మీకు డాన్స్ వచ్చా’ అని వెక్కిరించినవాడి ముందు కాలు కదిపేటప్పుడు ఉండాల్సింది ఆ టెక్కే కదా.

ఇక్కడే అసలు మాట, ‘నాటు’. ఇది ఒంటరిగా బతికే మాట కాదు, పక్కన ఇంకోటి ఉంటేనే దీనికి అర్థం. బాయిలర్ కోడి రాకముందు కోడి ఉత్త కోడే, వచ్చాక నాటుకోడి అయింది. కంపెనీ మందు ఉంటేనే నాటుసారా. ఆస్పత్రి వైద్యం ఉంటేనే నాటువైద్యం. వెనకటికి దీనికి ఎదురుమాట ‘సీమ’. సీమ సరుకు అంటే ఓడలో దిగిన సరుకు, సీమచింత అంటే బయటినుంచి వచ్చిన చింత. పలనాడు, వెలనాడు అన్నప్పటి ‘నాడు’కీ ఈ ‘నాటు’కీ చుట్టరికం ఉంది, సొంత నేల అన్న అర్థం అందులోంచే. తర్వాత్తర్వాత పట్నంవాళ్ల నోట పడి ‘మోటు’ అన్న అర్థం ఎక్కింది. ‘వాడి మాట నాటు’ అంటే ఇప్పుడు మెచ్చుకోలు కాదు.

ఆ సన్నివేశంలో తెల్లదొర టాంగో, ఫ్లమెన్కో అని దబాయిస్తాడు. దానికి జవాబు ‘నాటు’. సీమ సరుకుకు ఎదురుగా నాటు సరుకు, మూడు మాత్రల్లో. ఇది హిందీలోకి వెళ్తే ‘నాచో నాచో’ అయింది, ఆడండి అని మాత్రమే. ఎదురుమాట పోయింది. తమిళంలో ‘నాట్టు కూత్తు’ అని నిలబెట్టుకోగలిగారు, వాళ్లకు నాట్టు ఉంది కాబట్టి. కన్నడంలో ‘హళ్లి నాటు’ అని ముందు పల్లెను తగిలించారు. భావం లేదన్నవాళ్లు ఈ నాలుగూ పక్కపక్కన పెట్టుకుని వినాలి.

ఆర్మూర్ అబ్బాయి:
అయితే సమీక్షలో ఒక్కటి కూడా నిజం లేదంటారా?

పద్యం పిచ్చోడు:
ఉంది. చిట్టా గురించి పల్లవిలో వేసిన నింద చెల్లదు గానీ చరణంలో చెల్లుతుంది. పల్లవిలో ప్రతి పోలికా ఒక బొమ్మ: గిత్త, జాతర, చెప్పులు, మర్రిచెట్టు, రొట్టె. చరణంలోకి వచ్చేసరికి ‘యవ్వారం సాగినట్టు’, ‘వీరంగం సేసినట్టు’ అని బొమ్మ లేని మాటలు పడ్డాయి. యవ్వారం సాగితే ఏం కనపడుతుంది? తొంభై శాతం పాట సగం రోజులో వచ్చిందనీ, మిగతా పది శాతానికి పంతొమ్మిది నెలలు పట్టిందనీ చంద్రబోస్ ఇంటర్వ్యూల్లో చెప్పారు. ఏది ఏ భాగమో తెలియదు గానీ, అతుకు నాకు అక్కడ వినిపిస్తుంది.

నల్లమల నర్సయ్య:
‘ఉక్కపోతలాగ తిక్కనాటు’ కూడా ప్రాస కోసం పెట్టిందే. దాని ముందు ‘గడ్డపారలాగ చెడ్డనాటు’ అంటే సరే, బరువుంది, పోటుంది. ఉక్కపోత ఏంటి?

బాపట్ల కోడలు:
నర్సయ్య గారూ, మే నెలలో కరెంటు పోయినప్పుడు ఒకసారి మా బాపట్ల రండి. సముద్రం గాలి కూడా ఆగిపోయి, ఒంటికి చొక్కా అతుక్కుని, పక్కవాడు పలకరించినా కొట్టాలనిపిస్తుంది. తిక్క అంటే అదే. ఆ లైను ముట్టుకోకండి.

పాత రేడియో:
మాస్టారూ, మీ మాత్రల లెక్క ఆ సమీక్ష తిరిగే గ్రూపులో కూడా పెట్టొచ్చా?

పద్యం పిచ్చోడు:
పెట్టండి. చరణం గురించి అన్నది కూడా కలిపి పెట్టండి, పొగిడిన ముక్కే కత్తిరించి పెట్టొద్దు. ఆ ‘ధం ధం ధం’ పాట ఎవరైనా మాత్రలు కట్టి చూస్తే దానికి వేరే చర్చ తెరుద్దాం, దాని నడక వేరు.