పైగేమ్‌లో పెట్టె కదలాలంటే మొదటి పాఠంలోనే డెల్టా టైమ్ చెప్పాలా?

నల్లరేగడి:
పైథాన్ కొత్తగా నేర్చుకునే తొమ్మిదో తరగతి పిల్లలకు పైగేమ్ (పైథాన్‌లో ఆటలు రాసే లైబ్రరీ) పాఠాలు రాస్తున్నాను. 640 × 480 విండో, 40 పిక్సెళ్ల ఎర్ర పెట్టె, అది కుడికి జరగాలి. లూప్‌లో ప్రతిసారీ ఎక్స్‌కు (పెట్టె అడ్డంగా ఉన్న చోటు) 3 కలిపి, చివర క్లాక్.టిక్(60) (లూప్‌ను సెకనుకు సుమారు 60 చుట్లకు కట్టేసేది) పెడితే సరిపోతుందా, డెల్టా టైమ్ (డీటీ, అంటే లూప్ ఒక చుట్టుకు పట్టిన కాలం) కూడా అప్పుడే తేవాలా?

గుణింతం:
అప్పుడే తేవాలి. ఫ్రేముకు (లూప్ ఒక చుట్టులో గీసే బొమ్మకు) 3 పిక్సెళ్లన్నది వేగమే కాదు. 60 ఫ్రేములు లాగే కంప్యూటర్లో సెకనుకు 180, 30 లాగేదాంట్లో 90. రాయాల్సింది ఒక్క లైను: డీటీ = క్లాక్.టిక్(60) / 1000. టిక్ ఇచ్చేది మిల్లీసెకన్లు కాబట్టి ఆ భాగహారం. ఆపైన ఎక్స్ += 180 * డీటీ. దూరం అంటే వేగం ఇంటూ కాలం, బడిలో చదివిందే.

చుక్కలముగ్గు:
ఒక్క లైనుతో పోదండీ గుణింతం గారూ. పైగేమ్ రెక్ట్ (పెట్టె చోటు, కొలతలు ఉంచుకునేది) పూర్ణాంకాలే దాచుకుంటుంది. వేగం 30 పెట్టారనుకోండి, ఫ్రేముకు దాదాపు అర పిక్సెల్. 100.5 రెక్ట్‌లోకి వెళ్లగానే మళ్లీ 100. పెట్టె కుడికి అంగుళం కదలదు. ఎడమకైతే 99.5 కాస్తా 99 అయి కూర్చుంటుంది, అంటే అడిగినదానికి రెట్టింపు వేగం. ఒకే కోడు, ఒకవైపు మొండికేస్తుంది, ఇంకోవైపు పరిగెడుతుంది. మొదటి రోజే ఇది ఏమని చెబుతారు పిల్లాడికి?

గుణింతం:
ఎక్స్‌ను విడిగా దశాంశ సంఖ్యగా ఉంచుకుని, గీసే ముందు రెక్ట్.ఎక్స్ = రౌండ్(ఎక్స్) అనాలి. పైగేమ్-సీఈ (పైగేమ్ నుంచి విడిగా పెరిగిన రూపం) వాడితే దశాంశాలు దాచుకునే ఎఫ్‌రెక్ట్ ఉంది, ఈ బాధే లేదు.

గోదారిగట్టు:
స్క్రీన్.ఫిల్ (తెరంతా ఒకే రంగు పూసేది) లూప్ లోపలే రాయించండి. బయట రాస్తే పెట్టె వెనకాల ఎర్ర చార పడుతుంది.

చుక్కలముగ్గు:
చూశారా, ఒక్క లైను అప్పుడే మూడైంది. ఒక్క పెట్టె గీయడానికి ఎంత పాత కంప్యూటరైనా 60 లాగుతుంది. టిక్(60) ఉన్నాక అంతకు మించి పోదు కూడా.

గుణింతం:
పోతుంది. టిక్ ఆగాల్సిన సమయాన్ని పూర్తి మిల్లీసెకన్లలోనే లెక్క వేస్తుంది. 1000ని 60తో భాగిస్తే 16.67, భిన్నం వదిలేసి 16. అందుకే గెట్_ఎఫ్‌పీఎస్‌ను (సెకనుకు ఎన్ని ఫ్రేములో చెప్పేది) అడిగితే 62.5 దగ్గర చూపిస్తుంది. మీ 180 కాస్తా 187.5 అయింది.

చుక్కలముగ్గు:
ఆ ఏడు పిక్సెళ్ల తేడా ఎవరి కంటికి ఆనుతుంది? డీటీతో వచ్చే అసలు తంటా వినండి. విండోస్‌లో టైటిల్ బార్ పట్టుకుని విండోను లాగుతున్నంతసేపూ లూప్ ఆగిపోతుంది. రెండు సెకన్లు లాగి వదిలితే డీటీ 2 వస్తుంది, పెట్టె ఒక్క దూకులో 360 పిక్సెళ్లు పోయి గోడ అవతల పడుతుంది. "ఎక్స్ < 0 లేదా ఎక్స్ > 600 అయితే వేగం = -వేగం" అని రాసుంటే ఇక అక్కడే ఇరుక్కుంటుంది. తర్వాతి ఫ్రేములో డీటీ చిన్నది, లోపలికి రాలేదు, గుర్తు మళ్లీ తిరగబడుతుంది. అలా గోడవతలే గిలగిల్లాడుతుంది.

గోదారిగట్టు:
కొత్తవాళ్ల కోసం: 600 ఎందుకంటే రెక్ట్ ఎక్స్ ఎడమ అంచు, 640లోంచి వెడల్పు 40 తీసేయాలి. సర్కిల్‌కు ఇచ్చేది కేంద్రం, దానికి రేడియస్ తీయాలి.

గుణింతం:
అది డీటీ తప్పు కాదు, షరతు తప్పు. కుడి గోడ దాటితే ఎక్స్ = 600, వేగం = -ఏబీఎస్(వేగం); ఏబీఎస్ అంటే గుర్తు తీసేసిన విలువ. ఎడమ దాటితే ఎక్స్ = 0, వేగం = ఏబీఎస్(వేగం). ఆ దూకుకు డీటీ = మిన్(డీటీ, 0.05) చాలు, డీటీ 0.05 దాటదు. తప్పు కోడు నేర్పి, పైగా డీటీ మీద నింద వేస్తారేమిటి?

చుక్కలముగ్గు:
తప్పు కోడు ముందు రాయించాలనే నేను మొత్తుకుంటున్నది! ఎక్స్ += 3 రాయనివ్వండి. తర్వాత 60ని 20 చేసి చూడమనండి. పెట్టె మూడో వంతు వేగానికి పడిపోవడం కళ్లారా చూసినవాడు డీటీ తనే అడుగుతాడు. చూడనివాడికి అది ఎందుకో తెలియని గుణకారం, బట్టీ పట్టి వదిలేస్తాడు.

గుణింతం:
ఈ ముక్క మొదటే చెప్పి ఉండాల్సింది. నా బెంగ రెండో పాఠం దాకా రాని పిల్లల గురించి. మొదటి పాఠం కోడునే పెంచుకుంటూ పోతారు. తూటాలు, గెంతడం, గురుత్వం, అన్నీ ఫ్రేము లెక్కలే. తర్వాత మార్చాలంటే ప్రతి వేగాన్నీ 60తో గుణించాలి, గురుత్వాన్నైతే 60 × 60, అంటే 3600తో. దాన్నీ 60తోనే గుణిస్తారు, గెంతిన బొమ్మ ఒక పట్టాన కిందికి దిగిరాదు. ఎక్కడ తప్పిందో తెలియక చాలామంది అక్కడే వదిలేస్తారు.

చుక్కలముగ్గు:
గురుత్వం రాకముందే మార్పించాలి, ఒప్పుకుంటాను. కానీ పెట్టె మొదటిసారి కదిలేది ఫ్రేము లెక్కతోనే. అక్కడ మాత్రం తగ్గను.

నల్లరేగడి:
అయితే మొదటి పాఠం చివర టిక్(20) ప్రయోగం పెట్టి, ఆ గంటలోనే డీటీ చెబుతాను. ఇంకొకటి: బాణం కీలతో కదిపేటప్పుడు రెండు కలిపి నొక్కితే పెట్టె వేగం పెరుగుతోంది.

గుణింతం:
ఏటవాలుగా 1.414 రెట్లు పోతుంది. దిశను వెక్టర్2లో (ఎక్స్, వై జత) పెట్టి నార్మలైజ్ చేసి (పొడవును 1 చేసి) వేగంతో గుణించండి. ఏ బాణమూ నొక్కనప్పుడు పొడవు సున్నా, అప్పుడు నార్మలైజ్ చేస్తే వాల్యూఎర్రర్ వచ్చి ఆట ఆగిపోతుంది. ముందు పొడవు చూడాలి.

చుక్కలముగ్గు:
ఇది రెండో పాఠంలో.