డ్యాష్‌లో ఆయిల్ తక్కువ, డిప్‌స్టిక్ మీద బాగానే ఉంది: ఏది నమ్మాలి?

రియర్_ఇంజన్
నాది పోర్షా 996 కరేరా, 3.4 లీటర్ల ఇంజన్. పొద్దున ఇగ్నిషన్ ఆన్ చేయగానే డ్యాష్‌లో ఆయిల్ లెవల్ గడులు అట్టడుగున ఉంటున్నాయి. అప్పుడే డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే కడ్డీ) తీస్తే రెండు గుర్తుల మధ్య, సగం కంటే కాస్త పైనే ఉంది. సాయంత్రం తిరిగొచ్చి కాసేపు ఆగి చూస్తే డ్యాష్ కూడా దాదాపు నిండుగా చూపిస్తోంది. కింద మరక లేదు, పొగ లేదు. ఆయిల్ పోయాలా, సెన్సర్ మార్చాలా?

పాత_స్పానర్
సెన్సర్. చర్చ అక్కర్లేదు. రాత్రంతా నిలబడిన బండిలో ఆయిల్ మొత్తం కిందికి దిగి ఉంటుంది కాబట్టి పొద్దునే ఎక్కువ చూపించాలి. నీది తలకిందులుగా ఉంది. డిప్‌స్టిక్‌కి వైరు లేదు, అబద్ధం చెప్పాల్సిన అవసరమూ లేదు. చుక్క కూడా పోయకు.

ఆదివారం_డ్రైవర్
ఇంజన్ నడుస్తుండగా చూడాలి కదా? మా పోర్షా జీటీ3కి అలాగే చూస్తాం.

పాత_స్పానర్
జీటీ3లో ఆయిల్‌కి వేరే ట్యాంకు ఉంటుంది బాబూ. ఇంజన్ ఆపితే ట్యాంకులోది క్రాంక్‌కేస్‌లోకి, అంటే ఇంజన్ అడుగు పెట్టెలోకి, జారిపోతుంది, అందుకే నడుస్తుండగా కొలుస్తారు. కరేరాకి ఆ ట్యాంకు లేదు. ఈ రెండూ కలిపితే ఆయనకి ఉన్న తలనొప్పి చాలక ఇంకోటి తగులుకుంటుంది.

మల్టీమీటర్
స్పానర్ గారూ, మీరు చెప్పింది సగమే. చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ కిందికి దిగుతుంది, నిజం. కానీ వేడెక్కితే వ్యాకోచిస్తుంది కూడా. ఎనిమిది లీటర్లకు పైగా పట్టే ఇంజన్ ఇది. డెబ్బై డిగ్రీలు పెరిగితే దగ్గర దగ్గర 0.4 లీటరు తేడా వస్తుంది. అంటే సాయంత్రం ఎక్కువ చూపించడం వింతేం కాదు.

ఇక సెన్సర్ సంగతి. అందులో ఉండేది సన్నటి తీగ. ఇగ్నిషన్ ఆన్ చేయగానే దానికి కాసేపు కరెంటు వెళ్తుంది. ఆయిల్‌లో మునిగిన భాగం చల్లబడుతుంది, పైకి తేలిన భాగం వేడెక్కి రెసిస్టెన్స్ పెరుగుతుంది. ఆ పెరుగుదలని బట్టి లెవల్ లెక్క కడతారు. తీగ తెగితే డ్యాష్‌లో ఫాల్ట్ వస్తుంది, ‘తక్కువ’ అని రాదు. కాబట్టి తక్కువ అని చూపిస్తోందంటే ముందు తక్కువే అనుకోవాలి. అర లీటరు పోసి చూడండి.

చదును_నేల
బండి ఎక్కడ నిలబెట్టి చూస్తున్నారు? నేల చదునుగా ఉందా?

రియర్_ఇంజన్
చదునే.

పాత_స్పానర్
పోసి చూడండట! పోసింది తీయాలంటే ఎంత పనో తెలుసా? ఈ ఇంజన్‌లో గరిష్ఠం దాటితే ఇంజన్ లోపలి గాలి నుంచి ఆయిల్‌ని వేరుచేసే ఎయిర్ ఆయిల్ సెపరేటర్ మీద భారం పడుతుంది. అది పోతే ఆయిల్ ఇన్‌టేక్‌లోకి లాక్కుపోయి వెనక తెల్లటి పొగ మబ్బు కమ్ముకుంటుంది. తీగ తెగితేనే ఫాల్ట్ అంటున్నారు, మరి కనెక్టర్ పిన్నుల్లో ఆయిల్ చేరితే? కాంటాక్ట్ వచ్చీ రానట్టు ఉంటే? అప్పుడు ఏ గడి అయినా చూపిస్తుంది.

మల్టీమీటర్
అయితే కనెక్టర్ విప్పి చూడమనండి. నేరుగా సెన్సర్ మార్చేయమంటారేం? ‘చర్చ అక్కర్లేదు’ అన్నది మీరే.

చదును_నేల
చదునే అంటే కంటితో చూశారా, కొలిచారా? సిలిండర్లు రెండు పక్కలా పడుకుని ఉండే ఈ ఫ్లాట్ సిక్స్ ఇంజన్ వెడల్పుగా, లోతు తక్కువగా ఉంటుంది. పళ్లెంలో నీళ్లలాగా, కొంచెం వంగినా ఆయిల్ ఒక పక్కకి చేరిపోతుంది. డిప్‌స్టిక్, సెన్సర్ రెండూ ఒకేచోట దిగవు. కాబట్టి వాలు ఉంటే రెండూ రెండు మాటలు చెబుతాయి.

రియర్_ఇంజన్
అన్నా, చదును అని చెప్పాను. అడిగిందే ఎన్నిసార్లు అడుగుతారు?

గ్యారేజ్_పిల్లి
పాప్‌కార్న్ తెచ్చుకుని కూర్చున్నా.

మల్టీమీటర్
స్పానర్ గారూ, ఒకటి చెప్పి వదిలేస్తాను. ఇలాంటి గడులే నా కారులోనూ పడిపోయాయి. ఒక వర్క్‌షాప్‌లో మీలాగే ‘సెన్సర్ సార్, పట్టించుకోవద్దు’ అన్నారు. పట్టించుకోలేదు. పొడుగాటి మలుపులో ఆయిల్ ప్రెషర్ ముల్లు కిందికి జారడం నా కళ్లతో చూశాను. తర్వాత సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పితే అడుగున బేరింగ్ అరిగిన మెరుపు, వేలితో రాస్తే సన్నటి రజను. ‘పట్టించుకోవద్దు’ అన్న మనిషి ఆ రోజు కనపడనే లేదు.

పాత_స్పానర్
బాధపడ్డారు, అర్థమైంది. కానీ ఆ కోపం నా మీద తీర్చుకుంటే ఎలా? ఆ వర్క్‌షాప్‌లో డిప్‌స్టిక్ చూశారా లేదా? అది చెప్పండి ముందు.

మల్టీమీటర్
నా కారు 997, 996 తర్వాత వచ్చిన మోడల్. దానికి డిప్‌స్టిక్కే లేదు.

పాత_స్పానర్
అదీ సంగతి! డిప్‌స్టిక్ లేని కారు కథ తెచ్చి డిప్‌స్టిక్ ఉన్న కారుకి అతికిస్తున్నారు. నా దగ్గరికి వచ్చేవి మీ సలహా విన్న బండ్లే. డ్యాష్ తక్కువ చూపించిందని లీటరు పోస్తారు, మర్నాడు మళ్లీ చూపించిందని ఇంకో లీటరు. పొగతో వస్తారు. ‘మీరేదో చేశారు’ అని నా మీదే గొడవ. చేతులు నల్లగా చేసుకునేది నేను, మాట పడేదీ నేనే.

మల్టీమీటర్
నేను అర లీటరు అన్నాను. లీటరు అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు.

పాత_స్పానర్
ఇవాళ అర, రేపు అర.

ఆదివారం_డ్రైవర్
ఇద్దరూ ఒకే భయం గురించి మాట్లాడట్లేదు అనిపిస్తోంది. ఒకరికి ఆయిల్ చాలక ఇంజన్ పోతుందని, ఇంకొకరికి ఎక్కువై పొగ వస్తుందని.

మల్టీమీటర్
అవును, ఆ రెండూ సమానం కాదు. సెపరేటర్ పోతే మార్చుకోవచ్చు. బేరింగ్ పోతే ఇంజన్ కిందికి దించాలి. తెలియనప్పుడు ఏ వైపు తప్పు చేయాలో నాకు తెలుసు.

పాత_స్పానర్
తెలియనప్పుడు తెలుసుకోవాలి, పోయకూడదు. సెపరేటర్ పోయి ఆయిల్ సిలిండర్‌లోకి ఎక్కువగా వెళ్తే అది కూడా చిన్న సంగతేం కాదు. మీకూ నాకూ తేడా అక్కడే. మీరు అనుమానంతో పోస్తారు, నేను అనుమానంతో ఆగుతాను.

చదును_నేల
రియర్_ఇంజన్ గారూ, పొద్దున ఒకచోట, సాయంత్రం ఇంకోచోట చూస్తున్నారా? ఇదొక్కటి చెప్పండి, ఇంక అడగను.

రియర్_ఇంజన్
పొద్దున షెడ్డులో. సాయంత్రం షెడ్డు బయట, గేటు తీసేముందు. ఆ కాసేపు ఎలాగూ ఆగాలి కదా అని.

చదును_నేల
🙂

పాత_స్పానర్
ఇన్ని పోస్టులయ్యాక చెబుతారా ఈ మాట!

మల్టీమీటర్
వాలు అయినా కావచ్చు, కనెక్టర్ అయినా కావచ్చు. ఊహలు వద్దు. ఆయిల్ మార్చే గడువు ఎలాగూ దగ్గరుంటే ఇలా చేయండి. వేడిగా ఉన్నప్పుడు మొత్తం దించి, గీతలున్న పాత్రలో కొలవండి. ఫిల్టర్ మార్చి, హ్యాండ్‌బుక్‌లో రాసిన కొలత కంటే ఒక లీటరు తక్కువ పోయండి. ఒకసారి నడిపి, ఆపి, ఒకే చోట డిప్‌స్టిక్, డ్యాష్ రెండూ చూడండి. తర్వాత మిగిలింది కొద్దికొద్దిగా పోస్తూ రెండూ రాసుకోండి. ఏది కదలకుండా కూర్చుందో, ఏది గెంతుతోందో కాగితం మీదే తెలుస్తుంది.

పాత_స్పానర్
ఇది సరైన పని. కనెక్టర్ మాత్రం ముందే విప్పి, పిన్నులు తుడిచి పెట్టాలి. డిప్‌స్టిక్ రెండు వైపులా చూడాలి. గొట్టానికి రాసుకుని ఒకవైపు పైదాకా తడి అంటుకుంటుంది. తక్కువున్న వైపే లెక్క.

మల్టీమీటర్
అంటే డిప్‌స్టిక్ కూడా అబద్ధం చెబుతుందన్నమాట.

పాత_స్పానర్
చదవడం రాకపోతే పుస్తకం తప్పా?

రియర్_ఇంజన్
శనివారం పెట్టుకుంటాను. ఫిల్టర్ కప్పులో మిగిలిన ఆయిల్ కూడా దించిన లెక్కలో కలపాలా?

పాత_స్పానర్
కలపాలి. ఫిల్టర్‌ని బోర్లా పెట్టి కారనివ్వు, పిండకు.

చదును_నేల
షెడ్డులోనా, బయటా?