చెన్నై ట్రిప్పు: కారున్నవాడికి యాన్యువల్ పాస్ ఉంటే మన దగ్గర టోలు వసూలు చేయొచ్చా?

సిల్క్‌బోర్డు బాధితుడు:
మొన్న శనివారం బెంగళూరు నుంచి నలుగురం ఫ్రెండ్స్ చెన్నై వెళ్లి ఆదివారం రాత్రికి వచ్చేశాం. కారు మావాడిది, తోలింది కూడా వాడే. సోమవారం పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో లెక్క పెట్టాడు. పెట్రోలు 5,900, టోలు 1,100, మొత్తం 7,000, తలకి 1,750. పెట్రోలు సంగతి ఒప్పుకుంటా, ఊళ్లో తిరుగుడుతో కలిపి 800 కిలోమీటర్లు దాటింది. నా గొడవంతా టోలు దగ్గరే. వాడి ఫాస్టాగ్ మీద యాన్యువల్ పాస్ ఉంది. కృష్ణగిరి ప్లాజా దాటుతూ వాడే గొప్పగా చెప్పాడు, "మనకి డబ్బులు కట్ అవ్వవు రా" అని. కట్ అవ్వని డబ్బు మా దగ్గర ఎందుకు తీసుకోవాలి? న్యాయమేనా, మీరే చెప్పండి.

చిత్తూరోడు:
హోసూరు మీద ఎందుకు పోయినారన్నా? కోలారు, ముళబాగిలు, పలమనేరు, మా చిత్తూరు మీదుగా రాణిపేటలో కలవొచ్చు కదా. మధ్యలో మంచి టిఫిన్ కూడా దొరుకుతుంది.

కె.ఆర్.పురం రాజా:
కారున్నవాడిగా చెప్తున్నా. ఆ పాస్ ఊరికే రాలేదు. 3,000 ముందే కట్టాడు. ఏడాది గానీ 200 ట్రిప్పులు గానీ, ఏది ముందైతే దాంతో సరి. ట్రిప్పు అంటే మీ చెన్నై ట్రిప్పు కాదు, మీరు పోయిన దారిలో ఒక్కో ప్లాజా దాటితే ఒక్కో ట్రిప్పు కొట్టేస్తారు. మీ నలుగురి సరదాకి వాడి పాస్‌లో డజను దాకా పోయాయి. అవి ఎవరిస్తారు?

సిల్క్‌బోర్డు బాధితుడు:
థాంక్స్ రాజా గారూ, నా కేసు మీరే గెలిపించారు. 3,000ని 200తో భాగిస్తే ప్లాజాకి 15 రూపాయలు. పోనూ ఆరు, రానూ ఆరు వేసుకుందాం. 180 అయింది. తలకి 45. మావాడు వేసింది 275. మిగతా 230 ఏ ఖాతాలోకి పోయింది?

నెల్లూరి పిల్ల:
230 రూపాయలకి థ్రెడ్డా?!

సిల్క్‌బోర్డు బాధితుడు:
డబ్బు కాదండీ, పద్ధతి.

కె.ఆర్.పురం రాజా:
200 ట్రిప్పులూ వాడితే కదా 15 పడేది! ఇక్కడ ఆఫీసుకి మెట్రోలో పోయేవాడు ఏడాదిలో 200 ప్లాజాలు ఎక్కడ దాటతాడు? 50 దాటితే ఒక్కోటి 60 పడినట్టే. ఏడాది తిరిగాక మిగిలిన ట్రిప్పులు గాలికి పోతాయి. ఆ నష్టం మాత్రం వాడొక్కడిదా? అసలు టోలు పట్టుకుని వేలాడుతున్నారు గానీ, టైర్ల అరుగుదల, సర్వీసు, ఇన్సూరెన్సు, ఈఎంఐ, కర్ణాటకలో కట్టిన లైఫ్ టాక్స్... ఇవేవీ వాడు లెక్కలో వేయలేదు. వేసుంటే 1,750 కాదు, మూడు వేలు దాటేది.

రైలుబాబు:
వందే భారత్ ఎక్కితే నాలుగున్నర గంటల్లో చెన్నై సెంట్రల్‌లో దిగుతారు. పాస్ లేదు, ప్లాజా లేదు, పంచాయతీ లేదు.

పాలసీ పంతులు:
రాజా గారూ, అరుగుదల పేరుతో కిలోమీటరుకి ఇంత అని తీసుకోవడం మొదలుపెడితే దాన్ని అద్దె అంటారు. సొంత కారు పాలసీ తీసి చూడండి, అద్దెకి తిప్పితే వర్తించదని రాసుంటుంది. సెల్ఫ్ డ్రైవ్‌కి ఇచ్చే కార్లకి నల్ల ప్లేటు మీద పసుపు అంకెలు ఉండేది ఊరికే కాదు. పెట్రోలు, టోలు అయిన మేరకు పంచుకోవడం వేరు, దాని మీద మిగుల్చుకోవడం వేరు.

సిల్క్‌బోర్డు బాధితుడు:
అదీ మాట! అయిన మేరకు. వాడికి అయింది 45.

కె.ఆర్.పురం రాజా:
పంతులు గారూ, నేను అద్దె అడగమనలేదు. అడగలేదు కాబట్టి విలువ తెలుసుకోండి అన్నాను. మా కజిన్లతో ఊటీ వెళ్లొచ్చాక నా కారు వెనక సీటు నిండా చిప్స్ పొడి, డోరు మీద గీత. ఎవరూ నోరెత్తలేదు. పైగా ఒకడు "అన్నా, ఏసీ సరిగ్గా లేదు, చూపించు" అని సలహా ఇచ్చి దిగిపోయాడు.

తిరువాన్మియూరు వాసి:
మహాబలిపురం కూడా వెళ్లారా? వెళ్లుంటే ఒక విషయం. అటు పోయే ఈసీఆర్, అంటే ఈస్ట్ కోస్ట్ రోడ్డు, రాష్ట్ర రోడ్డు, అక్కడి టోలుకి ఆ పాస్ చెల్లదు. ఫాస్టాగ్ బ్యాలెన్సులోంచి నిజంగానే కట్ అవుతుంది. ఇంకో మాట, మైలాపూరులో పొట్టి శ్రీరాములు గారి స్మారకం చూశారా? 1952లో 58 రోజులు దీక్ష చేసి, డిసెంబర్ 15న ఆయన ప్రాణం విడిచిన చోటు అది. మనవాళ్లు ఇంత దూరం వచ్చి బీచ్‌లో ఫోటోలు దిగి పోతారు.

సిల్క్‌బోర్డు బాధితుడు:
వెళ్లాం, ఆదివారం పొద్దున. ఈసీఆర్ పాయింటు నోట్ చేసుకున్నా.

స్మారకం చూడలేదు సార్. చూడటానికి మూడ్ ఎక్కడిది? శనివారం సాయంత్రం బీసెంట్ నగర్ బీచ్ దగ్గర మమ్మల్ని దింపి పార్కింగ్‌కి వెళ్లినవాడు ముప్పావు గంటకి వచ్చాడు. వచ్చినవాడు మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. పార్కింగ్ దొరక్కపోతే మా తప్పా? ఆ రాత్రంతా అదే మొహం.

కె.ఆర్.పురం రాజా:
ఆ ముప్పావు గంట మీరేం చేశారు?

సిల్క్‌బోర్డు బాధితుడు:
ఏం చేస్తాం, బీచ్‌లో కూర్చున్నాం. మిరపకాయ బజ్జీలు, సుండల్ తిన్నాం.

కె.ఆర్.పురం రాజా:
వాడికి ఉంచారా?

సిల్క్‌బోర్డు బాధితుడు:
చల్లారిపోతాయని తినేశాం. వచ్చాక కొనుక్కోవచ్చు కదా, బండి అక్కడే ఉంది.

నెల్లూరి పిల్ల:
అయ్యో రామా.

కె.ఆర్.పురం రాజా:
అనుకున్నా. మీకు కావాల్సింది ఫ్రెండ్ కాదు, జీతం లేని డ్రైవరు. రాణిపేట దగ్గర ట్రాఫిక్‌లో వాడు క్లచ్ తొక్కుతుంటే మీ ముగ్గురూ నోరు తెరుచుకుని నిద్రపోయుంటారు. ఇంటికొచ్చి 230 రూపాయలకి వాడిని దొంగని చేస్తున్నారు.

సిల్క్‌బోర్డు బాధితుడు:
నోరు అదుపులో పెట్టుకోండి. దొంగ అని నేనెక్కడ అన్నాను? నాకు డ్రైవింగ్ రాదు, మిగతా ఇద్దరిలో ఒకడికి లైసెన్సు ఉంది. "నేను తోలనా" అని ఆ ఒకడు అడిగితే మావాడు ఇవ్వలేదు. కొత్త కారు కదా, ఎవరినీ ముట్టుకోనివ్వడు.

నెల్లూరి పిల్ల:
ఇది మాత్రం నిజం. నాకు లైసెన్సు ఉంది, నెల్లూరు హైవే మీద నాన్న కారు తోలిన అలవాటూ ఉంది. లైసెన్సు ఉన్నవాళ్లు ఓనరుకి చెప్పి తోలితే ఇన్సూరెన్సుకి అభ్యంతరం ఉండదు. అయినా మా బ్యాచ్‌లో మగపిల్లలు స్టీరింగ్ ఇవ్వరు. తరవాత "నడుము పోయింది" అని రెండు రోజులు స్టేటస్ పెడతారు.

కె.ఆర్.పురం రాజా:
ఈఎంఐ కట్టేవాడి భయం మీకు తెలీదులెండి.

సిల్క్‌బోర్డు బాధితుడు:
మళ్లీ ఈఎంఐ! మాకు లేవు కాబట్టి మనుషులం కాదా? చెప్పకూడదనుకున్నా, మీరే చెప్పిస్తున్నారు. మారతహళ్లిలో ముగ్గురు పడుకునే పీజీ గదిలో ఉండేవాళ్లం వాడూ నేనూ. నెలాఖరులో ఎవడి దగ్గర ఉంటే వాడు పెట్టేవాడు. రాత్రి ఎగ్ రైస్ బండి దగ్గర, ఊరికి వెళ్లే బస్సు టికెట్లు, నా చెల్లి పెళ్లికి వాడి షూస్. ఏ రోజూ ఎక్సెల్ షీటు రాలేదు. ఇప్పుడు సర్జాపూర్‌లో ఫ్లాటు, కారు, దాంతోపాటు షీటు. అందులో నా పేరు ఎదురుగా ఎర్ర రంగు, "పెండింగ్" అని. మిగతా ఇద్దరి ముందు. టోలు ఎంత వేశాడో ఆ ఎర్ర గడి చూశాకే లెక్కపెట్టాను.

కె.ఆర్.పురం రాజా:
ఇన్ని పోస్టుల తరవాత ఇప్పుడు అసలు విషయం చెప్పారు. నేనూ ఒకటి చెప్తా, కోపం తెచ్చుకోవద్దు. "మేం లెక్కలు చూసుకోలేదు" అనే మాట నా పాత రూమ్మేట్లు కూడా అంటారు. వాళ్లు చూసుకోలేదు, నిజమే. నేను చూశాను. అడగలేక ఊరుకున్నాను. ఒకడి బైక్ రిపేరుకి ఇచ్చింది ఇవాళ్టికీ రాలేదు. ఆ తరవాతే నేను షీటు పెట్టడం నేర్చుకున్నా, ముందే అందరికీ పంపుతా. మీవాడు కూడా ఆ పీజీలో ఏం లెక్కపెట్టుకున్నాడో మీకు తెలుసా?

సిల్క్‌బోర్డు బాధితుడు:
నేను ఎవడికీ బాకీ లేను.

కె.ఆర్.పురం రాజా:
మీరు ఉన్నారని అనలేదు. వాడిని అడిగారా అంటున్నా.

సిల్క్‌బోర్డు బాధితుడు:
వాడి ముందు ఇప్పుడు ఆ మాట ఎత్తాలా? మీ రూమ్మేట్ల కసి మావాడి నోట్లో పెట్టకండి.

మోడరేటర్:
ఇద్దరూ కాస్త తగ్గండి. టోలు గురించి ఏమైనా ఉంటే రాయండి. పీజీ బాకీలు ప్రైవేట్ మెసేజ్‌లో చూసుకోండి.

చిత్తూరోడు:
హోస్కోటే నుంచి శ్రీపెరంబుదూరు దాకా 262 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌వే పూర్తిగా అయిపోతే ఈ హోసూరు, రాణిపేట గొడవలన్నీ పోతాయి. కర్ణాటక ముక్క తెరిచేశారు కూడా.

సిల్క్‌బోర్డు బాధితుడు:
టోలు గురించే చెప్తున్నా, మోడరేటర్ గారూ. పెట్రోలు వాటా 1,475, పాస్ లెక్కన 45, ఈసీఆర్‌లో నిజంగా కట్ అయినదాంట్లో నా వాటా, అన్నీ కలిపి ఇప్పుడే పంపేశాను. ఆ పైన ఒక్క రూపాయి ఇవ్వను.

నెల్లూరి పిల్ల:
పంపేటప్పుడు మెసేజ్ ఏమైనా పెట్టారా?

సిల్క్‌బోర్డు బాధితుడు:
పెట్టాను. "ఈసీఆర్‌తో సహా" అని.