ఎంజీబీ జీటీకి ఏ ఇంజిన్? ఉన్నదే చేయించాలా, వీ8 ఎక్కించాలా?

లెస్టర్ తమ్ముడు:
అందరికీ నమస్తే. నాది 1972 ఎంజీబీ జీటీ, పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, క్రోమ్ బంపర్ మోడల్, నాలుగు సిలిండర్లు, 1798 సీసీ. ఈమధ్య సరిగ్గా లాగడం లేదు, నీలం పొగ కూడా వస్తోంది. సిలిండర్లలో కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) చూపిస్తే ఒకటీ నాలుగూ 150 పీఎస్‌ఐ దగ్గర ఉన్నాయి, రెండూ మూడూ 90 దాటలేదు. ఇంజిన్ బోరుకొచ్చిందని, అంటే సిలిండర్ల లోపలి గోడలు అరిగాయని గ్యారేజీలో తేల్చేశారు. చెప్పిన రేటు వింటే కళ్లు తిరిగాయి. ఆ డబ్బుతో పాత రోవర్ వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) ఒకటి కొనేయొచ్చు కదా అనిపిస్తోంది. పైగా మోటర్‌వే మీద 70 మైళ్ల స్పీడులో ఇంజిన్ గోలకి పక్కసీటు మాట వినపడదు. మా ఆవిడ బండెక్కడం మానేసింది. ఏం చేయమంటారు?

వీ8 వీరాభిమాని:
ఇందులో ఆలోచించేదేముంది తమ్ముడూ, వీ8 పెట్టించెయ్. కెన్ కాస్టెల్లో అనే ఆయన ముందు సొంతంగా ఎంజీబీల్లో రోవర్ వీ8 పెట్టి అమ్మాడు. తర్వాత కంపెనీ కూడా 1973లో ఎంజీబీ జీటీ వీ8 తెచ్చింది. 3528 సీసీ, 137 హార్స్‌పవర్. మామూలు బండికి 95. అల్యూమినియం ఇంజిన్ కాబట్టి, సైజు దాదాపు రెట్టింపైనా బరువు మన ఇనప ఇంజిన్‌కి అటూఇటూగానే ఉంటుంది. 1967లో ఎంజీసీ అని 2912 సీసీ ఆరు సిలిండర్ల ఇనప ఇంజిన్ పెట్టి చూశారు. ముందు భాగం బరువెక్కి మలుపుల్లో మొరాయిస్తోందని పత్రికలవాళ్లు ఏకిపారేశారు, 1969కే ఆపేశారు. బరువు పెరక్కుండా పవర్ పెరగాలంటే వీ8 ఒక్కటే దారి.

మజ్దా మనిషి:
ఒక్కటేనా? మజ్దా ఎంఎక్స్-5 కారు ఇంజిన్ సంగతి? 1.8 ట్విన్ కామ్, దాని ఐదు గేర్ల బాక్సుతో సహా దొరుకుతుంది. పొద్దున్నే చోక్ లాగే పని ఉండదు. వైరింగ్, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) తలనొప్పి ఉంటుంది, కాదనను.

మియాపూర్ అంబీ:
మన అంబాసిడర్ 1489 సీసీ ఇంజిన్ కూడా ఈ ఎంజీబీ ఇంజిన్ కుటుంబమే, బీ-సిరీసే కదా! హైదరాబాద్‌లో ఒకటి చూసి పంపిస్తే సరిపోదా అన్నా?

స్పానర్ బాబాయ్:
అంబీ, చుట్టరికం నిజమే. ఎంజీబీకి ముందొచ్చిన 1955 ఎంజీఏ కారులో ఉన్నదీ ఆ 1489 ఇంజినే. కానీ 1798 తీసి 1489 పెడితే ఇప్పుడున్న ఓపిక కూడా పోతుంది. ఇంగ్లండ్‌లో బీ-సిరీస్‌కి కరువా?

లెస్టర్ బాబూ, నువ్వు చెప్పిన నంబర్లు మళ్లీ చూడు. రెండూ, మూడూ. పక్కపక్క సిలిండర్లు, రెండూ ఒకేలా పడిపోయాయి. బోర్ అరిగితే అంత పొందికగా మధ్య రెండే అరుగుతాయా? నాకైతే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కీ పైనున్న హెడ్‌కీ మధ్య ఉండే సీలు) ఆ రెండింటి మధ్య పోయిందనిపిస్తోంది. ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కంప్రెషన్ చూడు. రీడింగ్ బాగా లేస్తే రింగులూ బోరూ. లేవకపోతే గాస్కెట్టో వాల్వులో. ఇక నీలం పొగ. దిగుడులో యాక్సిలరేటర్ వదిలేసి కిందికొచ్చాక రేస్ ఇస్తే గుప్పుమంటుందా? అలాగైతే వాల్వ్ గైడ్ల పనే ఎక్కువ. ఇవి తేలకుండా కొత్త ఇంజిన్ మాటెందుకు?

వీ8 గురించి వీరాభిమాని సగమే చెప్పాడు. క్రోమ్ బంపర్ బండిలో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి చోటు చాలదు, స్టీరింగ్ షాఫ్ట్ అడ్డొస్తుంది. రేడియేటర్, గేర్‌బాక్స్, బ్రేకులు, డిఫరెన్షియల్ రేషియో వరసగా వస్తాయి. ఇంజిన్ చవకే, దాని చుట్టూ ఉన్నవే కాదు. పాత రోవర్ వీ8లకి క్యామ్‌షాఫ్ట్ అరిగే జబ్బుంది. కొనేముందు రాకర్ కవర్ విప్పించి, ఇంజిన్ తిప్పుతూ వాల్వులన్నీ సమానంగా దిగుతున్నాయో లేదో కంటితో చూడాలి.

వీ8 వీరాభిమాని:
బాబాయ్, గాస్కెట్ మార్చినా 95 గుర్రాలే కదా. గోల తగ్గుతుందా?

స్పానర్ బాబాయ్:
ఆ గోల ఇంజిన్‌ది కాదు, గేర్‌ది. ఓవర్‌డ్రైవ్ (అదే స్పీడులో ఇంజిన్ నెమ్మదిగా తిరిగేలా చేసే అదనపు గేరు) లేని ఎంజీబీ టాప్‌గేర్‌లో 70కి దాదాపు 3,900 ఆర్‌పీఎం తిరుగుతుంది. ఓవర్‌డ్రైవ్ ఉంటే 3,200 దగ్గరికి దిగుతుంది. 1972లో అది ఆప్షన్ మాత్రమే. లెస్టర్, నీ బండికి ఉందా?

ఇంకోటి. ఇక్కడ బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన బండికి ఎంఓటీ (ఏటా చేయించే ఫిట్‌నెస్ పరీక్ష) మినహాయింపు కావాలంటే గత 30 ఏళ్లలో పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. సిలిండర్ల సంఖ్య మారితే అనుమానించాలని 2018 గైడెన్స్‌లోనే ఉంది.

వీ8 వీరాభిమాని:
అదే గైడెన్స్‌లో కంపెనీ ప్రత్యామ్నాయంగా ఇచ్చిన ఇంజిన్‌ని పెద్ద మార్పు కింద లెక్కించరనీ ఉంది. వీ8 కంపెనీ ఇచ్చిందే!

స్పానర్ బాబాయ్:
నీ వాదనలో బలం ఉంది, ఒప్పుకుంటా. మజ్దా ఇంజిన్‌కి మాత్రం ఆ మాట చెల్లదు, అదెప్పుడూ కంపెనీ ఇవ్వలేదు. ఏది పెట్టినా డీవీఎల్‌ఏకి (బ్రిటన్ వాహన రిజిస్ట్రేషన్ ఆఫీసుకి) కొత్త ఇంజిన్ నంబరు, సీసీ తెలియజేయాల్సిందే.

లెస్టర్ తమ్ముడు:
బాబాయ్, ఆయిల్ పోసి చూశా. రెండూ మూడూ అంగుళం కదల్లేదు, 90 దగ్గరే ఉన్నాయి. ఓవర్‌డ్రైవ్ లేదు, మామూలు నాలుగు గేర్లే.

స్పానర్ బాబాయ్:
అయితే ముందు హెడ్ దించి గాస్కెట్ చూడు. రెండు, మూడు సిలిండర్ల మధ్య నల్లగా కాలిన చార కనిపిస్తే ఫొటో పెట్టు. హెడ్ ఎలాగూ దిగుతుంది కాబట్టి గట్టి వాల్వ్ సీట్లు వేయించెయ్, పాత సీట్లు అరక్కుండా కాపాడే లెడ్ పెట్రోల్ 2000 నుంచి ఇక్కడ మామూలు బంకుల్లో లేదు. ఓవర్‌డ్రైవ్ గేర్‌బాక్స్ తర్వాత చూద్దాం. అది మార్చాలంటే ఇంజిన్‌తో కలిపి దించాలి, అప్పుడు క్లచ్ కూడా మార్చుకోవచ్చు.

వీ8 వీరాభిమాని:
ఇంజిన్ ఎలాగూ దించుతున్నారుగా, పైకి వెళ్లేటప్పుడు వేరేది వెళ్తే ఏం పోతుంది అంటున్నా.